ఆయన ‘ఈయన’ అయిన వైనం

హోటల్, ఫోన్ల గది
సోమవారం

మరదలు పిల్లా,

ఇన్నాళ్ళూ దుప్పట్ల గదిలో మడతలు పెట్టుకుంటూ కూర్చున్న మీ వదిన ఇప్పుడు ఫోన్ల గదిలో కుర్చీ ఎక్కింది. నవ్వకు. ఫోన్ల దగ్గరుండే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. మా మేనేజరు దుప్పట్ల గది గుమ్మంలో నిలబడి, “ఇక్కడ ఇంగ్లీషు ఎవరికొచ్చు?” అని అడిగారు. ఎంత ఉక్కగా ఉన్నా టై విప్పరు కాబట్టి ఆయన్ని మేమంతా టైగారంటాం. నా చెయ్యి నాకు చెప్పకుండా దానంతటదే లేచింది.

కూర్చున్నానో లేదో లైటు వెలిగింది. పై అంతస్తులో దిగిన పెద్దావిడ కొడుకు. మా అమ్మగారు గదిలో ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ పడుకున్నారని చెప్పాలి. ‘ఆవిడ’లో ‘ఆ’ ఉంది, ‘ఆ’ అంటే దట్ కదా! గొంతు సవరించుకుని, “దట్ ఈజ్ స్లీపింగ్ సార్” అన్నాను. “వాట్ ఈజ్ స్లీపింగ్?” అన్నాడు. వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా, “దట్! యువర్ మదర్!” అన్నాను.

వెనక్కి తిరిగితే టైగారు. ముఖం టై కన్నా ఎర్రగా ఉంది. ఈ సీజను ముగిసేదాకా చూస్తారట. కుదరకపోతే మళ్ళీ దుప్పట్లే.

నాకు ఈ గది కావాలే. దుప్పట్ల గదికి కిటికీ లేదని నీకు తెలుసు. ఆ ఇస్త్రీ ఆవిరికి సాయంత్రమయ్యేసరికి నా వేళ్ళు ఊరబెట్టినట్టు అయిపోతాయి. ఇక్కడ కిటికీ ఉంది. మీ అన్నయ్య బస్సు మలుపు తిరిగి వెళ్తుంటే కనిపిస్తుంది. ఆయన హారన్ కొడతారు కూడా.

నువ్వు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతుకుతున్నదానివి. మీ వదినకి మాత్రం చెప్పలేవా? ఫోన్లో చెబితే ఈ చెవిన విన్నది ఆ చెవిన పోతుంది. కాగితం మీద రాసి పంపు. సొరుగులో పెట్టుకుని ఎవరూ చూడకుండా చూసుకుంటాను. మీ అన్నయ్యతో అనకు. నేర్పుతానని కూర్చుంటారు. ఆయన ఇంగ్లీషు బస్సు బోర్డు దాటి రాదు.

మీ వదిన


కళ్ళజోళ్ళ షాపు, గోడవారగా ఉన్న బెంచీ
గురువారం

వదినా,

నీ ఉత్తరం బస్సులో చదివి పైకి నవ్వేశాను. పక్కావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది.

బోర్డు మీద నేను రాసిన అక్షరాలు నాకే మసగ్గా కనిపిస్తున్నాయని ఇక్కడికి వచ్చాను. అద్దాలు అరగదీస్తున్నాను, కాసేపు కూర్చోండి అన్నారాయన. ఆయనంటే షాపాయన. సరే, పాఠం.

నీ తప్పు నీ ఒక్కదానిదే కాదు. మన మాటలన్నీ అంతే. దూరమో దగ్గరో తేల్చకుండా మనం మనిషిని తలుచుకోలేం. వాడు, వీడు, ఆయన, ఈయన, ఆవిడ, ఈవిడ, అది, ఇది. ప్రతిదానికీ ఒక చూపుడు వేలు అతికించే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ వేలుని విడదీసి పక్కన పెట్టుకున్నారు. చూపించాల్సినప్పుడు దిస్, దట్. చూపించడం అయిపోయాక వేలు ముడిచెయ్యాలి. అక్కణ్ణుంచి హీ, షీ, ఇట్, దే.

నీకొక పాపని పరిచయం చేస్తున్నాననుకో. దిస్ ఈజ్ అ లిటిల్ గర్ల్. షీ హాజ్ లాస్ట్ హర్ ఎరేజర్. షీ థింక్స్ ద క్యాట్ టుక్ ఇట్. మొదటిసారి చూపించాను కాబట్టి దిస్. ఎవరో తెలిసిపోయింది, ఇంక షీ. ఆ తర్వాత కూడా దిస్, దట్ అంటూ పోతే పాప కాస్తా కుర్చీయో బల్లో అయిపోతుంది.

కాబట్టి ఆ పెద్దావిడ సంగతి: షీ ఈజ్ స్లీపింగ్. కొడుకు అప్పటికే అమ్మ అన్నాడు. నువ్వు మళ్ళీ వేలు చూపించక్కర్లేదు.

అద్దాలు అయ్యాయట. ఉంటాను.

నీ మరదలు


హోటల్, ఫోన్ల గది
శుక్రవారం

పంతులమ్మా,

నీ కాగితం సొరుగులో ఉంది. రోజంతా షీ, హీ అంటూ జపం చేస్తున్నాను. ఒకాయన భార్య కోసం ఫోన్ చేస్తే “షీ ఈజ్ ఇన్ ద డైనింగ్ రూమ్” అన్నాను. టైగారు ఆ పక్కనుంచి వెళ్తూ వెళ్తూ ఆగి, ఏమీ అనకుండా వెళ్ళారు. ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే.

అయితే నాకొకటి చెప్పు. ఇవాళ ఎవరో తలుపు కొడితే టైగారు “హూ ఈజ్ ఇట్?” అన్నారు. బయటినుంచి వంటమనిషి “ఇట్ ఈజ్ మీ” అన్నాడు. మనిషిని అలా అనకూడదని నాకు అంత పాఠం చెప్పావే! తలుపు అవతల ఉన్నంతసేపూ వస్తువు, లోపలికొచ్చాక మనిషీనా? పైగా ఫోన్ ఎత్తగానే నన్ను నేనే దిస్ అనుకోవాలట. ఇదేం భాష తల్లీ. ఇంకొకటి. గదిలో వేడినీళ్ళు రావడం లేదని ఎవరైనా చెబితే సారీ అని ఊరుకోవాలా, తోక ఏమైనా తగిలించాలా?

అసలు విషయానికొస్తా. మీ అన్నయ్య డిపోలో కొత్తగా ఒకతను చేరాడు, టైర్ల స్టోరు చూస్తాడు. పొడుగు, నెమ్మది, బొత్తిగా మాట్లాడడు. “మాట్లాడకపోతే ఏం? మాటలకి మనమ్మాయి ఉందిగా” అని మీ అన్నయ్య ఒకటే సంబరం. మీ అమ్మా నాన్నా పోయాక నిన్ను చేతుల్లో పెంచిన మనిషి. నువ్వు కాదన్న సంబంధాలన్నీ నెమరేసుకుంటూ కూర్చుంటారు. ఏం చెప్పమంటావు?

మీ వదిన


అద్దె గది, కిటికీ పక్క బల్ల
ఆదివారం

వదినా,

ఎవరో తెలియనంతవరకూ ఇట్. తలుపు వెనక ఆడో మగో తెలీదు కదా. తెలిసిన మరుక్షణం హీ, షీ. ఇక ఫోన్లో నువ్వు అవతలివాళ్ళకి కనపడవు. అందుకని నిన్ను నువ్వే చేత్తో చూపించుకుంటున్నావు: దిస్ ఈజ్ ద ఫ్రంట్ డెస్క్.

వేడినీళ్ళకి తోక ఉంది. అయామ్ సారీ అబౌట్ దట్. అవతలివాళ్ళు అప్పుడే చెప్పిన కబురుని అందుకునేటప్పుడు దట్ బాగుంటుంది. ఇట్ అన్నా కొంపలేం మునగవు గానీ, ఆ మాటకి పాతబడ్డ వాసన వేస్తుంది. ఇదిగో చూడు. అ గర్ల్ లాస్ట్ అ టూత్. “దట్స్ వండర్‌ఫుల్,” సెడ్ హర్ ఫాదర్. హీ పుట్ ఇట్ ఇన్ అ మ్యాచ్‌బాక్స్. కబురేమో దట్, పన్నేమో ఇట్.

టైర్ల స్టోరు అతన్ని టైర్లతోనే ఉండనీ. అన్నయ్యకి ఏదో ఒకటి నువ్వే సర్ది చెప్పు.

కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదని మళ్ళీ షాపుకి వెళ్ళాను. పుల్లలు వంచి, పెట్టి చూసి, మళ్ళీ వంచి. ఈయనకి ఎంత ఓపికో! నేనైతే ఈపాటికి విసిరికొట్టేదాన్ని.

నీ మరదలు


హోటల్
బుధవారం

ఏమే,

ఎరేజర్ పోగొట్టుకున్న పిల్లా, పన్ను ఊడిన పిల్లా ఒకటేనా?

మొదటి ఉత్తరంలో అద్దాలు అరగదీసినప్పుడు ‘ఆయన’. మొన్నటి ఉత్తరంలో పుల్లలు వంచేసరికి ‘ఈయన’. అంత దూరాన ఉన్న మనిషి అంత దగ్గరికి ఎలా వచ్చారు? నువ్వు చూపించుకున్నది దూరపు చూపా, దగ్గర చూపా? చూపుడు వేలు సంగతి నాకు నేర్పింది నువ్వే. ఇప్పుడు నీ వేలే నిన్ను పట్టించింది.

కళ్ళజోడు ఎన్నిసార్లు వదులైందో తిన్నగా రాయి. ఇక్కడ ఫోన్లు బాగానే మోగుతున్నాయి.

మీ వదిన


అద్దె గది
శనివారం

వదినా,

చాలాసార్లు వదులైంది. ఒకసారి నేనే వదులు చేసుకున్నాను.

ఒకటే పిల్ల, ఈయన కూతురు. ఆరేళ్ళుంటాయి. బడి వదలగానే షాపుకొచ్చి అద్దాల బీరువా వెనక కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. వాళ్ళమ్మ పోయింది, అప్పటికి దీనికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. నేను వెళ్ళినప్పుడల్లా పుస్తకం తెచ్చి నా పక్కన పెడుతుంది. నేను చూస్తాను. తప్పులు దిద్దుతాను. ఈయన చూసీ చూడనట్టు అద్దాలు తుడుస్తూ ఉంటారు. పోయిన వారం ఒకరోజు తుడవడం ఆపి, “మీరు రాకపోతే మా ఇద్దరికీ తోచడం లేదండీ” అన్నారు. అంతే. అంతకన్నా పెద్ద మాటలేవీ ఈయనకి రావు.

నాకు ఇష్టమే. కానీ అన్నయ్యకి ఎలా చెప్పను? పెళ్ళయిన మనిషి, ఒక పిల్ల. నాకోసం ఎన్ని చూశాడో, ఎలాంటివి చూశాడో నాకు తెలుసు. ముఖం చిన్నబుచ్చుకుంటే భరించలేను.

ఇంకో బెంగ ఉంది. పాప నన్ను ఏమనీ పిలవదు. అమ్మా అనమని నేను అడగను. కానీ ఆంటీ అనదు, టీచరూ అనదు. నాతో పనుంటే చెయ్యి పట్టి లాగుతుంది. పిలుపు లేనిదాన్ని ఆ ఇంట్లోకి ఎలా వెళ్ళను?

ఇదంతా నోటితోనే చెబుదామని నిన్న మీ హోటల్‌కి ఫోన్ చేశాను. ఎవరో అబ్బాయి ఎత్తాడు. నిన్ను అడిగితే, “ఆవిడ ఫోన్ల దగ్గర లేరండీ, పది రోజులైంది, దుప్పట్ల గదిలోకి మార్చారు” అన్నాడు. ఫోన్లు బాగానే మోగుతున్నాయని రాశావే వదినా! నన్ను నిలదీసేటప్పుడు నీ సంగతి గుర్తు రాలేదా?

నీ మరదలు


హోటల్, దుప్పట్ల గది
మంగళవారం

నా తల్లీ,

ఫోన్లు బాగానే మోగుతున్నాయన్నాను. నేను ఎత్తుతున్నానన్నానా?

సరే, దొరికిపోయాను. నీ పాఠం తప్పని నువ్వు బాధపడతావని రాయలేదు. తప్పు పాఠానిది కాదు, నేను మరీ ఎక్కువ నేర్చేసుకున్నాను. దట్ అన్నమాట నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను కదా. ఒకావిడ గదిలోంచి ఫోన్ చేసి మా ఆయన కింద ఉన్నారా అని అడిగింది. ఆయన తోటలో తాళంచెవి పారేసుకుంటే, ఊడ్చే అమ్మాయీ, ఆయనా కలిసి మొక్కల్లో వెతుకుతున్నారు. నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ‘ఆ అమ్మాయితో’ అనాలి. ‘ఆ’ వద్దని, చక్కగా, మర్యాదగా, “యెస్ మేడమ్. హీ ఈజ్ ఇన్ ద గార్డెన్ విత్ హర్” అన్నాను.

“హర్? హూ ఈజ్ హర్?”

నేను జవాబు వెతుక్కునేలోపు ఫోన్ పెట్టేసింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, ఒక కాలికే చెప్పుతో మెట్లు దిగింది చూడూ! తోటలో మొక్కల మధ్య ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు, ఊడ్చే అమ్మాయి పక్కనే ఉంది. ఇంక ఆ గొడవ నేను రాయలేను. తాళంచెవి దొరికేసరికి హోటల్లో సగం మంది కిటికీల్లో ఉన్నారు. టైగారు ఒక్క మాటన్నారు: “దుప్పట్లు.”

పరిచయం చెయ్యని మనిషిని హర్ అనకూడదని ఇప్పుడు తెలిసింది. ముందు వేలు చూపించాలి, తర్వాతే ముడవాలి. నువ్వు రాసిందీ అదే. నేను రెండో సగమే బట్టీపట్టాను.

ఇక నీ సంగతి. మీ అన్నయ్యకి నేను చెప్పేశాను. కోప్పడకు. దాస్తే ఇంకా పెద్దదవుతుంది. అన్నం తింటున్న మనిషి ఆగిపోయి, “ఎవడు వాడు?” అన్నారు. కళ్ళజోళ్ళ షాపాయన, ఒక పాప కూడా ఉంది అన్నాను. “వాడికి పిల్ల కూడానా?” అన్నారు. రెండు రోజులు ఇంట్లో వాడు, వాడే. నిన్న పొద్దున డ్యూటీ లేదు. చెప్పాపెట్టకుండా చొక్కా ఇస్త్రీ చేసుకుని ఎటో వెళ్ళారు. ఇంకా రాలేదు. నీ దగ్గరికి వచ్చారా?

మీ వదిన


కళ్ళజోళ్ళ షాపు బెంచీ
అదే మంగళవారం

వదినా,

అన్నయ్య ఇక్కడికి, ఈ షాపుకే వచ్చాడు! నువ్వు చెప్పేశావన్నమాట.

నేను క్లాసులో ఉన్నాను. ఈయన చెప్పిందే రాస్తున్నాను. నిన్న మీసాలాయన ఒకరు వచ్చి, బల్ల మీద చెయ్యి వేసి, “కళ్ళు చూడాలి” అన్నారట. పోట్లాటకి వచ్చినట్టుందట ఆ వరస. కుర్చీలో కూర్చోబెట్టి, ఇనప ఫ్రేము పెట్టి అద్దాలు మార్చి మార్చి చూపించారు. దూరం బోర్డు అంతా గడగడా చదివేశాడట అన్నయ్య. దగ్గర అక్షరాల అట్ట చేతికిచ్చేసరికి ఆగిపోయాడు. ఒప్పుకోడుగా! “లైటు సరిగ్గా లేదు” అన్నాడట.

అప్పుడు పాప బీరువా వెనకనుంచి వచ్చి కుర్చీ పక్కన చేరింది. చెవి దగ్గర నోరు పెట్టి, ఆఖరి వరస అక్షరాలు ఒక్కొక్కటే గుసగుసగా అందించిందట. అన్నయ్య ఒక్కొక్కటే పైకి చదివాడట. ఈయనకి అంతా వినిపిస్తూనే ఉంది. అయినా, “బాగా చదివారండీ, అయినా ఒక జోడు ఇంట్లో ఉంచుకోండి” అన్నారు.

చీటీ మీద ఇంటిపేరు రాస్తూ ఈయన చెయ్యి ఆగింది. నా ఇంటిపేరు. తలెత్తి చూశారు. అన్నయ్యే, “మీరు మా చెల్లిని అడిగారా, తనే అడిగిందా?” అన్నాడట. “నేనే అడిగానండీ. ఆవిడ ఇంకా అవునని అనలేదు. మిమ్మల్ని బాధపెట్టి అనరు కూడా” అన్నారు ఈయన. అన్నయ్య పాప వైపు చూసి, “నీకు బస్సు డ్రైవరు సీట్లో కూర్చోవాలని ఉందా?” అని అడిగాడట. అది చటుక్కున తలూపింది.

రాత్రి మా వీధి చివర లాడ్జీలో పడుకుని, ఇవాళ అద్దాలు తీసుకుని వెళ్ళాడు. నన్ను చూడనైనా చూడలేదు. నాకు అర్థం కావడం లేదు. కోపమా, కాదా? ఇంటికొచ్చి ఏమన్నాడో పొల్లుపోకుండా రాయి.

నీ మరదలు


హోటల్, ఫోన్ల గది. అవును, ఫోన్ల గది!
సోమవారం

మరదలు పిల్లా,

పొల్లుపోకుండా రాస్తున్నా, విను.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ: “అతని చెయ్యి తేలికే.” అతను! వాడు పోయాడు. నేను పలకలేదు. పలికితే మళ్ళీ వెనక్కి వెళ్తారని. టీ తాగుతూ: “పిల్లని బాగా పెంచుతున్నాడు అతను.” నేనింకా పలకలేదు. మర్నాడు పొద్దున కొత్త అద్దాలు పెట్టుకుని పేపరు చదువుతూ, చదువుతూ, పేపరు దించి, “ఈయన అద్దాలు నిజంగానే బాగున్నాయే” అన్నారు. నేను వంటింట్లోకి పారిపోయి నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. ఇంగ్లీషులో అయితే మూడుసార్లూ హీ అనే ఉండేవారు. మీ అన్నయ్య మనసు ఎక్కడిదాకా వచ్చిందో నాకెలా తెలిసేది చెప్పు?

నిన్ను చూడకుండా ఎందుకు వచ్చారని అడిగాను. “చూస్తే ఏడుస్తాను, ఆ షాపులో నలుగురూ ఉన్నారు” అన్నారు. కోపం కాదే పిచ్చిదానా. ఆదివారం ముగ్గురూ మా ఇంటికి రావాలట. పాపకి ఇచ్చిన మాట ఉందట, డిపో వాళ్ళతో మాట్లాడి పెట్టారట.

ఇక నా కబురు. తువ్వాలు చుట్టుకుని పరుగెత్తిన ఆవిడ వెళ్ళేరోజు కౌంటరు దగ్గర టైగారిని, “ఆరోజు నన్ను మెట్ల మీద పరుగెత్తించినావిడ ఏరీ?” అని అడిగింది. నన్ను పిలిపించారు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకటే నవ్వు. “ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన మీద అసూయ పడటమే మర్చిపోయానమ్మా. ఆరోజునుంచీ ఆయన నాతోనే నడుస్తున్నారు” అంది. ఆయన పక్కన పెట్టె పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. టైగారు ఏమనగలరు? పైగా నా బదులు కూర్చున్న అబ్బాయి ఒకరి ఫోన్ ఇంకొకరికి కలిపి రెండు కాపురాలు కూల్చినంత పని చేశాడట. నన్ను మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి గడువు లేదు.

లైటు వెలుగుతోంది. ఉంటాను.

మీ వదిన


మా ఇల్లు, షాపు మీది గది
శుక్రవారం

వదినా,

పెళ్ళి సంతకాలు పెట్టి వచ్చిన మర్నాడే రాయాల్సింది. పెట్టెలు సర్దడంతోనే సరిపోయింది. అన్నయ్య ఆ ఆఫీసులో కొత్త కళ్ళజోడు పెట్టుకుని సాక్షి సంతకం చేస్తూ కాగితం తడిపేశాడు చూశావా. గుమాస్తా అద్దుడు కాగితం తెచ్చి అద్దుకోవాల్సి వచ్చింది.

డ్రైవరు సీట్లో కూర్చున్నప్పటినుంచీ పాపకి అన్నయ్యే లోకం. వీధిలో ఏ బస్సు వెళ్ళినా “మామయ్యా” అని అరుస్తుంది. నీకూ పేరుంది, ఫోన్ల అత్త. నేను మాత్రం అలాగే ఉండిపోయాను, చెయ్యి పట్టి లాగే మనిషిగా. పైకి అనలేదు గానీ, ఒకటి రెండుసార్లు స్నానాల గదిలో ఏడ్చాను కూడా.

నిన్న ఈయనకి షాపులో పని తెమలక, పాపని బడినుంచి తీసుకురావడానికి మొదటిసారి నేను వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎప్పుడూ చూడలేదు. పిల్లని వదలనన్నాడు. మంచిదే, వదలకూడదు. పాప పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వాచ్‌మన్ వంగి, “ఎవరమ్మా ఈవిడ? నీకేమవుతుంది?” అని అడిగాడు. పాప నా వైపు చూసింది. ఏమీ కాదంటుందేమో అనుకున్నాను.

“ఈవిడ మా ఆవిడ” అంది.

వాచ్‌మన్ నోట్లోంచి ఈల జారిపోయింది. చుట్టూ ఉన్న తల్లులంతా విరగబడి నవ్వారు. పాపకి కోపమొచ్చింది. “నిజంగానే! మా నాన్న ఫోన్లో అందరికీ అలాగే చెబుతారు. మా ఆవిడ వచ్చింది, మా ఆవిడని అడగాలి అని. మా ఆవిడే!” అని కాలు నేలకేసి కొట్టింది. వాచ్‌మన్ కళ్ళు తుడుచుకుంటూ గేటు తెరిచాడు.

ఈయనకి చెబితే చెవుల దాకా ఎర్రబడి, అద్దాలు తుడిచిందే తుడిచారు. అలా అనకూడదని చెప్పబోతే నేనే వద్దన్నాను. పెద్దయ్యాక అదే తెలుసుకుంటుంది, తెలిసిన రోజున సిగ్గుపడనీ. నిన్న దారి పొడుగునా వీధి వీధంతా వినేట్టు ఒకటే పిలుపు. “మా ఆవిడా, మెల్లగా నడువు. మా ఆవిడా, ఈ సంచీ పట్టుకో.”

పట్టుకున్నాను వదినా.

నీ మరదలు